మూడో భాగం ఎప్పుడు? బెజవాడ, తెనాలి, వేటపాలెం

నా నవలలు అమ్ముకోవడానికి మూడు ఊళ్లు తిరిగొచ్చి రెండు రోజులైంది, కుడి భుజం ఇంకా లాగుతూనే ఉంది. అరవై పుస్తకాలతో బయల్దేరాను. చక్రాల సూట్‌కేసులో నలభై, భుజం సంచిలో ఇరవై. ఒక్కోటీ 320 పేజీలు, అంటే అచ్చు లెక్కలో పదహారు పేజీల ఫారాలు ఇరవై. రాసేటప్పుడు ఇంకో రెండు ఫారాలు పెరిగితే ఏం కొంపలు మునుగుతాయిలే అనుకున్నాను. ఆ రెండు ఫారాల బరువేంటో బెజవాడ స్టేషన్లో మెట్లెక్కేటప్పుడు తెలిసింది.

నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మాంత్రికులను చూస్తాను. ఇప్పటికి రెండు నవలలు వచ్చాయి, ఒకే కథకి రెండు భాగాలు. ఒక నది, ఆ నది మీద పడవ నడిపే పిల్ల, నది అడుగున నిద్రపోతున్న మాంత్రికుడు. ఆ పిల్లకీ మంత్రాలొచ్చు. కానీ ఒక్కో మంత్రం వేసినప్పుడల్లా ఒక్కో జ్ఞాపకం పోతుంది. మూడో భాగం రాస్తున్నాను. రాస్తున్నానని అంటున్నానుగానీ, మూడు నెలలుగా పదకొండో అధ్యాయంలో జలపాతం కింద పడవతో సహా ఆగిపోయి ఉన్నాను. పడవ పైకెక్కాలి. మంత్రం వెయ్యడానికి ఆ పిల్ల దగ్గర ఇంక ఖర్చు పెట్టే జ్ఞాపకం లేదు.

ఆఫీసులో నాలుగు రోజులు సెలవు పెట్టాను. కారణం దగ్గర "సొంత పని" అని రాశాను.

జనవరి 4, 2025, శనివారం: బెజవాడ

బెజవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. మామూలుగా జనవరి మొదట్లో పదకొండు రోజులు. నా బోటివాళ్లకి అదంటే ఇప్పటికీ స్వరాజ్య మైదానమే. ఆ దుమ్ము, ఆ దుమ్ములోనే మిర్చి బజ్జీ, పక్కన ఎవరో మైకులో శ్రీశ్రీని చదవడం. ఇప్పుడక్కడ అంబేద్కర్ గారి విగ్రహం నిలబడింది. ఈసారి పుస్తకాలు బందరు రోడ్డు పక్కన ఇందిరా గాంధీ స్టేడియంలో పెట్టారు. ఆటోవాడికి "పుస్తకాల ఎగ్జిబిషన్" అంటే చాలు, తీసుకుపోయాడు. నూట ఇరవై అన్నాడు, సూట్‌కేసు ఎత్తి చూసి నూట యాభై చేశాడు. న్యాయమే.

నాకు సొంత స్టాలు లేదు. ఒక మిత్రుడి స్టాల్లో ఒక బల్ల, ఆ బల్లలో సగం. నా మాంత్రికుడికి ఎడమవైపు వాస్తు, కుడివైపు పోటీ పరీక్షల గైడ్లు. మొదటి గంటలో ముగ్గురు వచ్చి గ్రూప్ టూ మెటీరియల్ ఉందా అని అడిగారు. లేదంటే నన్నే జాలిగా చూశారు.

ఆ తర్వాత అడిగినవాళ్లంతా ఒకే ప్రశ్న. "పిల్లల పుస్తకాలా అండీ?" ఒకావిడ, యాభై ఉంటాయి, జరీ అంచు చీరలో వచ్చారు. మనవడికి తొమ్మిదేళ్లట.

"చదువుతాడా?"

"మూడో పేజీలో ఒకడి తల తెగుతుందండీ."

పుస్తకం కింద పెట్టేశారు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చారు. "తెగినాక మళ్లీ అతుక్కుంటుందా?"

"రెండో భాగంలో."

"అయితే రెండూ ఇవ్వండి, నేనే చదువుకుంటా."

పది శాతం తగ్గింపు ఇక్కడ మామూలే, అది అందరికీ తెలుసు. కానీ రచయితే కూర్చుని అమ్ముతుంటే ఇంకో పది శాతం తగ్గించాలనే లెక్క బెజవాడలో ఎక్కణ్ణుంచి పుట్టిందో నాకు అర్థం కాలేదు. "మధ్యలో ఎవరూ లేరుగా మేడం!" అని ఒకాయన లాజిక్. లోపల నేను లెక్క వేసుకుంటున్నాను. వెల 300. షాపుకిస్తే నలభై శాతం వాళ్లకి. అచ్చుకి కాపీకి 110. డీటీపీ, ప్రూఫులు, అట్ట బొమ్మ వేరే. ఒక ఊళ్లో ఒక డిస్ట్రిబ్యూటరు గారు (పేరెందుకులెండి) పోయిన ఏడాది వంద కాపీలు తీసుకుని, అడిగినప్పుడల్లా "కదుల్తున్నాయమ్మా" అంటారు. ఏ వైపు కదుల్తున్నాయో చెప్పరు.

సాయంత్రం వేదిక మీద పది నిమిషాలు దొరికింది. అడిగే కుర్రాడు చివర్లో మూడో భాగం ఎప్పుడన్నాడు. రాస్తున్నాను అని ఊరుకోవాల్సింది. ఎదురుగా కుర్చీల్లో ఒక పాతిక మంది, ఆ వెనక చంకల్లో పుస్తకాలు పెట్టుకుని నిలబడి వినేవాళ్లు. ఏదో పూనకం వచ్చినట్టు "డిసెంబరుకి!" అనేశాను. చప్పట్లు కొట్టారు. మెట్లు దిగుతుంటే కాళ్లు చల్లబడ్డాయి. పదకొండో అధ్యాయం గురించి మైకులో చెప్పలేను కదా.

తొమ్మిది దగ్గర పడుతుండగా, స్టాళ్లు సర్దే వేళకి వచ్చారాయన. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారట. తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు. అట్ట చూసి, "చందమామ మాదిరిగా ఉంది" అన్నారు. ఆ మాట నాకు రోజుకి పదిసార్లు పడుతుంది. కొందరు మెచ్చుకుంటూ అంటారు, కొందరు పక్కన పెట్టేస్తూ అంటారు. ఈయన మెచ్చుకుంటూనే అన్నారు. నిలబడే ఖడ్గవర్మ, జీవదత్తుల కథ చెప్పడం మొదలుపెట్టారు. డ్యూటీ దిగి క్వార్టర్స్‌కి పోతే నెల మొదట్లో పిల్లల కంటే ముందు తనే పట్టుకునేవారట చందమామని. యాభై ఏళ్ల కిందటి సీరియల్. ఏ నెల ఎక్కడ ఆపి ఏడిపించారో కూడా గుర్తుంది ఆయనకి.

"రాసిందెవరో తెలుసా అండీ?" అన్నాను.

"చందమామ వాళ్లు."

తప్పు ఆయనది కాదు. ఆ పత్రిక సీరియళ్లకి రచయిత పేరు వేసేది కాదు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, 1978లో మొదలైన భల్లూక మాంత్రికుడి దాకా పన్నెండు సీరియళ్లు ఒక్క మనిషే రాశారు. నెలనెలా, ఉద్యోగంలో భాగంగా, మద్రాసులో ఒక బల్ల ముందు కూర్చుని. పేరు దాసరి సుబ్రహ్మణ్యం. తెలుగులో మాంత్రికుడంటే మనకి ఏ గడ్డం, ఏ దండం గుర్తొస్తాయో అందులో సగం ఆయన రాసిందే. మిగతా సగం, చందమామకి బొమ్మలు వేసిన చిత్ర గారిది.

"ఆయన పోయింది కూడా ఈ ఊళ్లోనేనండీ. 2010 జనవరిలో."

గార్డు గారు కాసేపు ఏమీ అనలేదు. "ఈ ఊళ్లో ఉన్నాడా! నేను సత్యనారాయణపురంలోనే ఉన్నానే అప్పుడు" అన్నారు. తర్వాత బిల్లు కాగితం తిరగేసి నా ముందు పెట్టి, పెన్ను తీసిచ్చారు. "ఆ పేరు రాసివ్వమ్మా." రాసిచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నా మొదటి భాగం కూడా కొన్నారు. దాని మీద సంతకం అడగలేదు.

రాత్రి బందరు రోడ్డు మీద బండి దగ్గర పునుగులు, ప్లేటు నలభై. రెండు ప్లేట్లు తిన్నాను. అల్లం చట్నీ కారానికి కళ్లల్లో నీళ్లొచ్చాయి. మొదటి రోజు పదమూడు పుస్తకాలు.

జనవరి 5, ఆదివారం: బెజవాడే

పొద్దున్నే గాంధీనగర్ బాబాయ్ హోటల్. ఇడ్లీ మీద వెన్నముద్ద పెడతారు. వేడికి అది కరిగి పక్కకి జారేలోపే తినెయ్యాలి. నా ఎదుట కూర్చున్న పెద్దాయన ఇడ్లీని ముక్కలు చెయ్యకుండా, వెన్న వైపు కొంచెం కొంచెంగా తుంచుకుంటూ, కింద పొడిగా ఉన్న భాగం చివరికి మిగిల్చి దాన్ని చట్నీతో ముగించారు. ఎన్నేళ్ల సాధనో.

ఆదివారం జనం బాగా వచ్చారు. సంక్రాంతి వారంలోకొచ్చింది, బట్టల షాపులకెళ్లే జనం దారిలో ఇటూ ఒక రౌండు వేస్తారు. పుస్తకాలు చూసేవాళ్లకీ కొనేవాళ్లకీ తేడా చేతిసంచి బట్టి తెలుస్తుందని మా స్టాలు మిత్రుడి సిద్ధాంతం. గుడ్డసంచి తెచ్చినవాళ్లు కొంటారట, బట్టల షాపు కవరు తెచ్చినవాళ్లు చూస్తారట. నేను గమనించినంతవరకు నిజమే.

ఒకామె డాలస్‌లో ఉన్న కోడలి కోసం రెండు భాగాలూ కొన్నారు. "'ప్రియమైన స్వాతికి, మీ అత్తయ్య తరఫున' అని మీరే రాయండి. నా రైటింగు బాగోదు" అన్నారు. రాశాను. పక్కనున్న వాళ్లాయన, "కోడలికి తెలుగు చదవడం రాదుగా" అన్నాడు. "ఇది చదవడానికైనా నేర్చుకుంటుంది" అందావిడ. ఇంతకంటే గట్టి రివ్యూ నాకు ఇప్పటిదాకా ఏ పేపర్లోనూ రాలేదు.

మధ్యాహ్నం ఒక కుర్రాడు, ఇంజనీరింగ్ మూడో ఏడు, గంటసేపు అటూ ఇటూ తిరిగి చివరికి దగ్గరికొచ్చాడు. బ్యాగులోంచి స్పైరల్ బైండు తీశాడు. ఆరు వందల పేజీలు. ఏడు లోకాలు, పద్నాలుగు వంశాలు, చివర్లో వంశవృక్షం మడతపెట్టి అతికించి ఉంది. "మీరు చదివి చెప్పాలి మేడం, ఎప్పుడైనా పర్లేదు." ఎప్పుడైనా పర్లేదు అనేవాళ్లంతా మూడో రోజు ఫోన్ చేస్తారు, తెలుసు నాకు. అయినా కాదనలేకపోయాను. ఇరవై రెండేళ్ల కిందట నేనూ ఇలాగే ఒకాయనకి రెండు లాంగ్ నోట్‌బుక్కులు ఇచ్చాను. ఆయన చదివారో లేదో ఈ రోజుకీ తెలియదు.

ఆ రోజు పందొమ్మిది పుస్తకాలు పోయాయి. కానీ సంచి బరువు అనుకున్నంత తగ్గలేదు. పద్నాలుగు వంశాలు అందులోకి ఎక్కాయి.

జనవరి 6, సోమవారం: తెనాలి

తెనాలిలో దిగి, చిరునామా కోసం ఫోన్ చూస్తే ఇలా ఉంది: "కాలవ పక్కన లైబ్రరీ, పదకొండింటికి." నన్ను పిలిచిన టీచరుగారి మెసేజ్. సరిపోతుందనుకున్నాను.

"ఏ కాలవమ్మా?" అన్నాడు ఆటో అబ్బాయి.

తెనాలి ఊరి మధ్య నుంచి మూడు కాలువలు పోతాయి. ఆ సంగతి చిన్నప్పుడు సాంఘిక శాస్త్రంలో చదువుకునే ఉంటాను. మొదట ఒక కాలువ గట్టున దింపాడు. అక్కడున్నది లైబ్రరీ కాదు, ఎరువుల కొట్టు. కొట్టాయన బయటికొచ్చి రెండో కాలువ చూపించాడు. అక్కడ లైబ్రరీ ఉంది కానీ అక్కడ నన్నెవరూ పిలవలేదు. పేపర్ చదువుతున్న నలుగురు తలెత్తి చూసి, నేనెవరో చెప్పాక, "మీరే మీటింగు పెట్టుకోవచ్చు కదా ఇక్కడ, మేం వింటాం" అన్నారు. మంచినీళ్లిచ్చారు. ఒకాయన పుస్తకం తిరగేసి వెల చూసి మర్యాదగా వెనక్కిచ్చాడు. టీచరుగారికి ఫోన్ చేస్తే, "మెయిన్ కాలవ అని రాయలేదా నేను? ఇక్కడ కాలవ అంటే అదేలెండి" అన్నారు. మూడు ఆటోలు, నూట తొంభై రూపాయలు, నలభై నిమిషాలు ఆలస్యం. వీధుల్లో ధనుర్మాసం ముగ్గులు ఇంకా చెదరలేదు. ఒక ముగ్గు మీదుగా సూట్‌కేసు చక్రాలు లాక్కుపోయి ఒకావిడ చేత గట్టిగా చీవాట్లు తిన్నాను. "చూసుకుని నడవమ్మా, రెండు గంటలు పట్టింది!" ఎంత బతిమాలినా చల్లబడలేదు. ఇక్కడ ముగ్గంటే ముగ్గే, ఊరికే కాదు.

ఆంధ్రా ప్యారిస్ అంటారు ఈ ఊరిని. చందమామ పెట్టిన ఇద్దరిలో ఒకరు చక్రపాణి, ఈ ఊరి మనిషే. 1952 నుంచి చనిపోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావూ ఈ ఊరివాడే. దాసరి వారిది కూడా ఈ ప్రాంతమే. వ్యవసాయం, నాటకాలు, రాజకీయాల చర్చ, ఇవన్నీ పుష్కలంగా ఉన్న ఊరి నుంచి ముగ్గురు మద్రాసు వెళ్లి దేశంలో పిల్లలందరికీ రాక్షసుల్నీ బేతాళుణ్ణీ పంచిపెట్టారు. మీటింగుకి వచ్చిన ఇరవై మందిలో ఆరుగురు, "మా ఊరి నీళ్లండీ" అని ఆ ఘనత కాలువలకిచ్చారు.

నేను కూర్చోకముందే ఒకమ్మాయి, "మూడో భాగం దసరాకట కదా మేడం?" అంది.

"డిసెంబరు అన్నాను."

"మా వాట్సాప్‌లో దసరా అని వచ్చింది."

అసలు సంగతి ఆ తర్వాత. ఎనిమిదో తరగతి పిల్లాడు, కళ్లజోడు, చేతిలో నా రెండు భాగాలు, మధ్యలో చీటీలు. చెయ్యెత్తాడు. మొదటి భాగం మ్యాపు పేజీ తెరిచాడు. నది పడమటి కొండల్లో పుట్టి తూర్పున సముద్రంలో కలుస్తుంది. నేను గీయించిందే. రెండో భాగం పద్నాలుగో అధ్యాయం తెరిచి గట్టిగా చదివాడు: ఎదురుగా సూర్యుడు అస్తమిస్తుండగా పడవ దిగువకు సాగింది.

"దిగువకంటే సముద్రం వైపే కదా ఆంటీ. తూర్పు. మరి సూర్యుడు ఎదురుగా ఎట్లా అస్తమిస్తాడు? వీపు వైపు ఉండాలి."

నేను ఆ వాక్యాన్ని కనీసం పదిసార్లు దిద్ది ఉంటాను. "క్రుంకుతుండగా" అని ఉన్నదాన్ని "అస్తమిస్తుండగా" అని మార్చినట్టు కూడా గుర్తుంది. ప్రూఫులు ముగ్గురం చూశాం. ఒత్తులు పట్టుకున్నాం, దీర్ఘాలు పట్టుకున్నాం. సూర్యుణ్ణి ఎవరూ పట్టుకోలేదు. కాలువ గట్టున పెరిగినవాడికి నీళ్లు ఎటు పోతాయో చూడకుండా చదవడం రాదనుకుంటాను.

"తప్పు నాదే" అన్నాను. పిల్లాడు సంతోషపడలేదు, కొంచెం దిగులుపడ్డాడు. దీనికేదో రహస్యం ఉంటుంది, నది వెనక్కి తిరిగిందేమో, మూడో భాగంలో చెప్తారేమో అని ఆరు నెలలుగా ఎదురుచూస్తున్నాడట.

మీటింగు అయ్యాక వాడి తాతయ్య దగ్గరికొచ్చారు. వాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చి మొత్తం విన్నారు. ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువ గేట్లు చూసుకునే మనిషిగా చేశారు, దుగ్గిరాల లాకుల దగ్గర చాలా ఏళ్లు. బయట బండి మీద బెల్లం జిలేబీ, పావుకిలో అరవై, కాగితంలో పొట్లం కట్టించి ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం.

"వీడు చదివి వినిపిస్తా ఉంటాడమ్మా. ఆ పిల్ల పడవని పైకి ఎక్కించాలంటే ప్రతిసారీ మంత్రం వేసిద్ది. ఎందుకూ?"

"నీళ్లు కిందికొస్తుంటే పడవ పైకెలా ఎక్కుతుందండీ?"

ఆయన నవ్వారు. నా రెండు పుస్తకాలు తీసుకుని అరుగు మీద ఎదురెదురుగా నిలబెట్టారు. మధ్యలో జేబులోంచి తీసిన అగ్గిపెట్టె పెట్టారు. "ఇదో గేటు, ఇదో గేటు. ఇది పడవ." వెనక గేటు, అంటే నా రెండో భాగం, మూశారు. పై కాలువ నీళ్లు కొద్దికొద్దిగా లోపలికి వదుల్తారట. పడవని ఎవరూ తొయ్యరు, లాగరు. నీళ్లతోపాటు అదే లేస్తుంది. ఆయన వేళ్లతో అగ్గిపెట్టెని అంగుళం, ఇంకో అంగుళం పైకెత్తారు. లోపలి నీళ్లు, పై కాలువ నీళ్లు సమానమయ్యాక ముందు గేటు తెరుస్తారు.

"సమానం కాకముందు తెరిస్తే?"

"తెరుచుకోదు. ఇరవై మంది తోసినా కదలదు. ఊరుకోవాల. బీడీ కాల్చుకోవాల." మొదటి భాగాన్ని పక్కకి జరిపి అగ్గిపెట్టెని అరుగు చివరిదాకా పోనిచ్చారు. "ఇట్టాగే కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హాం కాలవలో పడి మద్రాసు దాకా పొయ్యేయి పడవలు. మా నాయన చూశాడు. ధాన్యం, పొగాకు. మంత్రమేముంది?"

నా రెండు పుస్తకాల అట్టల మీద జిలేబీ పాకం వేలిముద్రలు పడ్డాయి. ఆ రెంటినీ నేను అమ్మలేదు. పిల్లాడికి మాత్రం కొత్తవి రెండు ఇచ్చాను. డబ్బులిస్తానని తాతయ్య గొడవ చేశారు, నేను తీసుకోలేదు. చివరికి మిగిలిన జిలేబీ పొట్లం నా సంచిలో కుక్కారు. తెనాలిలో పదకొండు పుస్తకాలు అమ్మాను, ఒక అగ్గిపెట్టె నేర్చుకున్నాను.

జనవరి 7, మంగళవారం: వేటపాలెం

చీరాల నుంచి షేరు ఆటో, తలకి ఇరవై. సూట్‌కేసుకీ ఒక తల లెక్కగట్టాడు. ఆటోలో నా పక్కన ఇద్దరు ఆడవాళ్లు, ఒళ్లో నూలు చిలపలు. దారిలో ఒక వీధి మలుపు దగ్గర ఆటో ఆగితే మగ్గాల చప్పుడు వినపడింది.

పిలిచినాయన చీరల వ్యాపారం చేస్తారు. ముందు గది కొట్టు, వెనక ఇల్లు. పరుపు మీద తెల్లదుప్పటి పరిచి చీరలు చూపించే చోటే మీటింగు. తొమ్మిది మంది వచ్చాం, చెప్పులు గుమ్మం బయట. అందులో ఒకాయన మధ్యలో వచ్చిన బేరానికి లేచి వెళ్లి రెండు చీరలు అమ్మి మళ్లీ వచ్చి కూర్చున్నారు. మామూలుగా అయితే రచయితలకి కోపం రావాలేమో. నాకు బాగా నచ్చింది.

"ఆగస్టులో మూడో భాగమట" అన్నారు ఒకరు. ఇక ఖండించలేదు. ఇంకో రెండు ఊళ్లు తిరిగితే నా పుస్తకం వచ్చేసి ఉండేది.

భోజనం వాళ్లింట్లోనే. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గుత్తివంకాయ, వంకాయ కూరలో నాలుగో వంతు జీడిపప్పు. వేటపాలెం కదా. "ఇంత వేస్తారా?" అంటే ఇంటావిడ విచిత్రంగా చూశారు. "వెయ్యకపోతే ఎట్లా?" అరకిలో కొన్నాను, నాలుగు వందల యాభై.

తిన్నాక ఆయన బీరువా తెరిచి ఒక బైండు పుస్తకం తెచ్చారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో చేసిన పనే. చందమామలోంచి సీరియల్ పేజీలు నెలనెలా విప్పి దాచి, కథ అయిపోయాక బైండు చేయించుకోవడం. ఇది శిథిలాలయం. 1968లో మొదలైంది. వాళ్ల నాన్నగారు చేయించారట. ఖాకీ గుడ్డ వెన్ను, అట్ట మూలలు చీమలు కొరికినట్టు అరిగాయి. కుట్టు దారం చేనేత నూలే, గంజి పెట్టిన నూలు. అందుకే ఇన్నేళ్లైనా తెగలేదని గర్వంగా చెప్పారు. పేజీ తిప్పితే పాతకాగితం, నాఫ్తలీన్ కలిసిన వాసన. శిఖిముఖి, విక్రమకేసరి అడవిలో నడుస్తున్నారు. బొమ్మ మూలన చిత్ర సంతకం సన్నగా ఉంది. అటూ ఇటూ వెతికాను, తెలిసి కూడా వెతికాను. రాసినవాడి పేరు ఎక్కడా లేదు. వెన్ను మీద నాన్నగారు నల్లసిరాతో సీరియల్ పేరు, కింద తన పేరు రాసుకున్నారు. చూసేవాళ్లకి ఆయనే రచయిత అనిపిస్తుంది.

నేను పేరు చెబితే, ఆయన పెన్సిల్ తెచ్చి లోపలి అట్ట మీద రాశారు. ఇంకుతో రాస్తే నాన్నగారి పుస్తకం పాడుచేసినట్టుంటుందని పెన్సిల్.

సాయంత్రం సారస్వత నికేతనానికి నడిపించారు. 1918లో పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీ గారు వచ్చారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. పాత పత్రికల బైండ్లు వరసగా. ఒక పాత సంచిక తెరిచి, సీరియల్ వెతకబోయి తలనొప్పి మందు ప్రకటనలు చదువుతూ గంట గడిపాను. పక్క బల్ల మీద ఇద్దరు ముసలాయనలు ఒకే పేపర్ని చెరో పేజీ పట్టుకుని చదువుతున్నారు. ఒకరు తిప్పాలంటే రెండోవారు తలూపాలి.

స్టేషన్లో బండి కోసం కూర్చుని లెక్క తేల్చాను. అకౌంట్స్ మనిషిని, ఊరుకోలేను. అరవైలో యాభై ఒకటి అమ్మాను, రెండు ఇచ్చాను, ఏడు మిగిలాయి, వాటిలో రెండు పాకం తిన్నవి. ఒక్కోటి 270 చొప్పున 13,770. బెజవాడ అమ్మకాల మీద స్టాలు మిత్రుడికి పావు వంతు, 2,160. పోయిన యాభై మూడింటి అచ్చు ఖర్చు 5,830. లాడ్జి, ఆటోలు, తిండి, టిక్కెట్లు 6,200. మొత్తానికి 420 రూపాయలు నష్టం. జీడిపప్పు ఇందులో కలపలేదు, అది ఇంటి ఖర్చు.

జనవరి 9, గురువారం: ఇంట్లో

నాలుగున్నరకి లేచాను. పదకొండో అధ్యాయంలో జలపాతం కొట్టేశాను. దాని స్థానంలో పాడుబడ్డ కోటగోడల మధ్య రెండు గేట్లు, తుప్పు పట్టిన గొలుసు, గొలుసు పక్కన బీడీ కాల్చుకుంటున్న ఒక ముసలాయన. ఆరున్నరకి పడవ అంగుళం లేచింది.

ఆఫీసుకి బయల్దేరుతుంటే ఫోన్. కొత్త నంబరు. ఇంజనీరింగ్ కుర్రాడేమో అనుకుని ఎత్తాను, ఏడు లోకాల్లో ఇంకా రెండోది దాటలేదు నేను.

"అమ్మా, నేను గార్డుని. బెజవాడ. మీ నంబరు స్టాలాయన ఇచ్చాడు. ఆ కాగితం చొక్కాతోపాటు ఉతికేశారమ్మా మావాళ్లు. ముద్దయిపోయింది. ఆ చందమామ ఆయన పేరు మళ్లీ ఒకసారి చెప్పండి."

"దాసరి సుబ్రహ్మణ్యం అండీ."

"ఆఁ, ఉండండి. దా... స... రి..." పెన్ను కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు వినపడింది. "సుబ్రహ్మణ్యం. ఆఁ, రాశాను. ఈసారి క్యాలెండర్ మీద రాశా, పోదు. మీ పుస్తకం మా మనవడు పట్టుకుపోయాడు, చదువుతున్నాడంట. మూడోది వచ్చే నెలంట కదా?"

"డిసెంబరండీ."

"సరే సరే. అన్నట్టు, మీ పేరేంటమ్మా?"